ముప్పై రెండు బైట్ల చీటీ

"నేనే బందు చేసిన మేడం. రాసుకోండ్రి. ఎన్నిపార్లు అడిగినా గదే మాట."

ఎల్లేశం ఈ మాట అనడం ఇది నాలుగోసారి. ప్రైవేటు డిటెక్టివ్ నవనీత నోట్‌బుక్ మూసేసి, పెన్ను దానిమీద పెట్టింది. నేరం ఒప్పుకోని వాళ్లతో ఆమెకు పదమూడేళ్ల అనుభవం ఉంది. ఒప్పుకోవడానికి ఇంత తొందరపడే మనిషి మాత్రం ఇటు కరీంనగర్‌లో గానీ, అటు ఆదిలాబాద్‌లో గానీ ఆమెకు ఇంతవరకూ తగల్లేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇచ్చోడ రోడ్డు మీది లక్ష్మీరాజం సేటు పత్తి జిన్నింగు మిల్లులో దూది గది అంటుకుంది. మూడు గంటల నాలుగు నిమిషాలకు సైరన్ మోగింది. మూడూ అయిదుకు ఎవరో ఆపేశారు. మూడూ ఇరవైకల్లా గది గదంతా మంటలు. లోపల ఉన్న కోమల అనే ఇరవై ఆరేళ్ల పిల్ల బయటికి రాలేదు. సైరన్ ఆపింది కంట్రోల్ రూములో కూర్చునే ఎల్లేశమేనని రికార్డు దొరికింది. ఇవాళ శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి అతన్ని కోర్టుకు తీసుకుపోతామని ఎస్సై సదానందం చెప్పాడు. ఇప్పుడు స్టేషన్ గడియారంలో రెండూ పది.

నవనీతను పిలిపించింది ఎల్లేశం మనుషులు కాదు. చచ్చిపోయిన కోమల తల్లి సత్తవ్వ. అదే మిల్లులో ఊడుస్తుంది. "ఎల్లేశం గసొంటోడు కాదు బిడ్డా. నా పొల్ల చావుకు కారణమెవ్వలో నాకు తెల్వాలె. తెల్వకుంట నేను ముద్ద మింగలేను" అని ఫోన్‌లో ఏడ్చింది. ఆ ఒక్క మాట మీద నవనీత పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

"సరే కాకా. నువ్వే బందు చేసినవ్. ఎందుకు చేసినవ్?"

"పొద్దుగాల నుంచి మూడుపార్లు ఉత్తగనే మోగింది. దుమ్ముకు మోగుతది అది. చెవులు పోతున్నయని ఆపిన."

"ఆపి?"

"చాయ తాగపోయిన."

"పొయ్యే ముందు ఇంటర్‌కమ్‌ల ఎవ్వలతోని మాట్లాడినవ్?"

ఇంతసేపూ పాఠం అప్పజెప్పినట్టు జవాబులు చెప్పిన మనిషి మొదటిసారి తడబడ్డాడు.

"ఎవ్వలతోని మాట్లాడలే."

"సత్తవ్వ కిటికీ అవుతల ఊడుస్తున్నదట. నువ్వు ఫోన్ పట్టుకొని 'ఎందుకు, ఎందుకట' అన్నవట."

"గామె బిడ్డ పోయిన దుఃఖంల ఉన్నది. ఏం యాదుంటది గామెకు!"

అప్పుడే తలుపు తోసుకుని ఓ అమ్మాయి టిఫిన్ డబ్బాతో లోపలికి వచ్చింది. ఎల్లేశం కూతురు భూమిక. మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. "బాపూ, రెండు ముద్దలన్న తిను" అంది. ఎల్లేశం తలెత్తలేదు. "ఇంటికి పో బిడ్డా. ఆఫీసుకు పోకు. ఇంటికి పో" అని మాత్రం అన్నాడు, అది కూడా నేలను చూస్తూ. పిల్ల డబ్బా బల్ల మీద పెట్టి, నవనీత వైపు ఒక్క క్షణం చూసి, ఏదో చెప్పబోయి చెప్పకుండానే వెళ్లిపోయింది. నవనీతకు మనసు అదోలా అయిపోయింది. కానీ వేళ మించిపోతోంది కదా, ముందు ఆ కంట్రోల్ రూము చూడాలని లేచింది.

*

ఆ గదిలో ఉన్నది ఓ బల్ల, ఓ కుర్చీ, గోడకు దీపాల బోర్డు, మూలన నల్లటి పెట్టె లాంటి కంప్యూటర్. మిల్లులో ఉన్న నలభై పొగ సెన్సర్ల కబుర్లూ ఈ పెట్టెకే వస్తాయి. సైరన్ మోగాలన్నా ఆగాలన్నా ఆజ్ఞ దీని గుండానే పోవాలి. మంటలు ఇటువైపు రాలేదు. పెట్టె ఇంకా గుయ్‌మని నడుస్తూనే ఉంది.

పెట్టె నుదుట మూడు కుంకుమ బొట్లు. దాని కరెంటు ప్లగ్గును గోడ స్విచ్‌బోర్డుకు కలిపి కట్టిన పసుపు దారం ఒకటి, మూడు ముళ్లతో. మధ్యలో ఎండిపోయిన బంతిపువ్వు.

"ఇది ఎవ్వలు కట్టిండ్రు సత్తవ్వా?"

గుమ్మం దగ్గరే నిలబడిపోయిన సత్తవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనే కట్టిన. దసరా నాడు మిల్లుల అన్ని మిషన్లకు పూజ జేస్తం గద బిడ్డా. దీనికి నేను కడితె, కోమల పువ్వు పెట్టింది. గప్పటి సంది పత్తి సీజన్ ఒడిసేదాంక దారం తెంపొద్దు, మిషన్ బందు చెయ్యొద్దు. అరిష్టం."

"కరెంటు పోతే?"

"గోడ బోర్డుకే బ్యాటరీలున్నయి, జనరేటర్ ఉన్నది. ఎల్లేశం అయితె దీన్ని పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నడు. ఒక్కపారి గూడ ఆగనియ్యలే."

నవనీత వంగి ముళ్లు చూసింది. మూడూ గట్టిగా ఉన్నాయి. దారం మీద దూది నుసి పేరుకుని బూజుపట్టినట్టుంది. మూడు నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆమె కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది. ఎన్నాళ్ల నుంచి ఆగకుండా నడుస్తున్నావని మిషన్‌నే అడిగింది. నూట పన్నెండు రోజులని తెర మీద జవాబు వచ్చింది. అంటే దసరాకు కూడా ముందు, సెప్టెంబర్ పంతొమ్మిది నుంచి. నవనీత గబగబా ఇంకో రెండు లైన్లు కొట్టింది. వచ్చిన జవాబు చూసి "అబ్బో!" అనుకుంది.

"పెట్టె దగ్గర్నించి లే నవనీతా."

ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. శ్యాంసుందర్. హైదరాబాద్‌లో ఒకప్పుడు ఆమె పై అధికారి. ఆమె తేల్చిన రెండు కేసులకు తన పేరు పెట్టుకున్న మహానుభావుడు. ఇప్పుడు సొంతంగా దుకాణం పెట్టుకుని సేటు తరఫున దిగాడు. ఎల్లేశాన్ని పట్టించిన రికార్డు బయటికి తీసింది ఈయనే. వెనకాల ఎస్సై సదానందం, అతని వెనక కానిస్టేబుల్ పట్టుకున్న ఎల్లేశం.

"పంచనామా రాసి ఈ పెట్టెను సీజ్ చేస్తున్నాం. స్విచ్ ఆపి, సీల్ వేసి పంపిస్తాం. ఆపరేటర్ సంతకం కావాలని అతన్ని తీసుకొచ్చాం. తప్పుకో."

"స్విచ్ ముట్టుకుంటే మర్యాద దక్కదు శ్యాంసుందర్ గారూ."

"ఎస్సై గారూ, ఈమె ఏ హక్కుతో ఇక్కడుంది?"

సదానందం ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "మేడం, జర అర్థం చేసుకోండ్రి. రికార్డు సాఫ్‌గ ఉన్నది. పేరుతో సహా ఉన్నది."

"పేరుతో సహా ఉండుడే తప్పు సార్. పది నిమిషాలు ఇయ్యండ్రి. నేను చూపిస్త. నచ్చకుంటే మీ బండిల పెట్టెతోపాటు నన్ను గూడ ఎక్కించుకపోండ్రి."

ఎస్సై గడియారం చూసుకున్నాడు. రెండూ నలభై. "పది నిమిషాలే" అన్నాడు. శ్యాంసుందర్ ముఖం గంటు పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు.

"రికార్డు కాగితం చదవండ్రి సార్."

సదానందం ఫైల్లోంచి తీసి చదివాడు. "కంట్రోల్ రూం, ఆపరేటర్ ఎల్లేశం, సైరన్ ఆఫ్, పదిహేనూ సున్నా అయిదు."

"ఇంగ్లీషుల ఉన్నది గద. ఖాళీ జాగాలతో సహా ఎన్నక్షరాలో లెక్కవెట్టండ్రి."

ఎస్సై పెదవులు కదుపుతూ వేలితో లెక్కపెట్టాడు. "నలభై ఆరు."

"చివర కాగితం మీద కనబడని రెండు ఖాళీలు కలిపి నలభై ఎనిమిది బైట్లు. ఒక్కో అక్షరం ఒక్కో బైట్. ఇప్పుడు వినండ్రి. ఈ పెట్టెకు వచ్చే ప్రతి కబురు ఒక కవరు అనుకోండ్రి. ప్యాకెట్ అంటరు. కవరు రాంగనే, ఎక్కడి నుంచి వచ్చింది, ఏంపని మీద వచ్చింది అని మిషన్ దానికి చిన్న చీటీ అంటిస్తది. ఆ చీటీ చూసే సైరన్ మోగుతది, ఆగుతది. ఆ చీటీ ఎంత పెద్దగ ఉండొచ్చో నిర్ణయించేది మిషన్ లోపలుండే అసలు ప్రోగ్రాం. కెర్నెల్ అంటరు దాన్ని. పాత కెర్నెల్‌ల చీటీకి ముప్పై రెండు బైట్లే హద్దు. ముప్పై మూడో అక్షరం రాయనియ్యదు. కొత్తదాంట్ల రెండొందల యాభై దాంక రాయొచ్చు."

"ఈ మిషన్‌లో ఉన్నది కొత్తదే" అన్నాడు శ్యాంసుందర్ వెంటనే. "నేనే డిస్క్ చూశాను. సెప్టెంబర్ ముప్పైన ఎక్కించారు."

నవనీతకు కావాల్సింది ఆ ఒక్క మాటే. అది ఎస్సై ముందు అతని నోటి నుంచి రావాలనే ఆమె ఇంతసేపు చీటీల కథ చెప్పుకొచ్చింది.

"ఎల్లేశం కాకా, ముప్పై తారీకున ప్రోగ్రాం ఎక్కించిన పిలగాండ్లు ఏం చెప్పి పోయిండ్రు?"

ఎల్లేశం తల దించుకునే చెప్పాడు. "ఒక్కపారి బందు చేసి మళ్ల చాలు చేస్తెనే కొత్తది నడుస్తదన్నరు. పండుగ అయినంక చేద్దామనుకున్న. గప్పటికి పూజ అయిపాయె, దారం కట్టిరి. ఇగ సీజన్ ఒడిసినంకనే అని ఊకున్న."

"విన్నరా సార్? కొత్తది డిస్క్‌ల పండుకొని ఉన్నది. నడుస్తున్నది పాతదే. నూట పన్నెండు రోజుల సంది. హైదరాబాద్ సారుకు దారం కనిపించింది గని దాని సంగతి తెల్వదు. కొత్తది ఉన్నది గద, పేరు రాసెటంత జాగ ఉంటది గద అనుకొని, తన మిషన్‌ల నలభై ఎనిమిది బైట్ల చీటీ తయారుచేసి పెట్టిండు."

"నోరు అదుపులో పెట్టుకో!"

"నా నోరెందుకు, మిషన్ నోటితోనే చెప్పిస్త."

ఆమె కాగితం మీది నలభై ఎనిమిదీ అచ్చంగా కొట్టి, చీటీ అంటించమని మిషన్‌కు చెప్పింది. కుదరదని తిప్పికొట్టింది. నలభైకి తగ్గించింది. కుదరదంది. ముప్పై ఆరు. కుదరదు. ముప్పై రెండుకు తెచ్చేసరికి మారు మాట్లాడకుండా అంటించుకుంది. మీరే చెయ్యండని నవనీత కుర్చీ ఇచ్చింది. సదానందం కూర్చుని ఒక్కో వేలితో రెండుసార్లు చేసి చూశాడు. రెండుసార్లూ అదే జవాబు.

"మరి గీ కాగితం ఈ పెట్టె నుంచి వచ్చింది కాదు" అన్నాడు ఎస్సై మెల్లగా. శ్యాంసుందర్ వైపు తిరిగిన అతని చూపులో ఇందాకటి మొహమాటం లేదు.

శ్యాంసుందర్ ముఖం పాలిపోయి ఉంది. సెల్‌ఫోన్ తీసి వరండాలోకి నడిచాడు. "సేట్, ఆఫీసు సంగతి బయటపడేలా ఉంది" అన్న ముక్క ఒక్కటి నవనీత చెవిన పడింది. తర్వాత గొంతు తగ్గించాడు.

సత్తవ్వ రెండడుగులు ముందుకొచ్చింది. "అంటె ఎల్లేశం కాదన్నట్టేనా బిడ్డా? మరి ఎవ్వలు? సైరన్ కూస్తె నా పొల్ల బయటికొచ్చింది. ఆగింది, ఇగ పని ఆగితె మేస్త్రీ తిడుతడని మళ్ల లోపటికి పోయింది. నా కండ్లార చూసిన. ఆపినోడు ఎవ్వడు?"

కోమల బయటికి వచ్చి, క్షేమంగా నిలబడి, పని ఆగితే మేస్త్రీ తిడతాడని తిరిగి లోపలికి పోయిందని నవనీతకు ఇప్పుడే తెలిసింది. ఆమె ఎస్సైని లేపి మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది.

"ఇప్పుడే చెప్త సత్తవ్వా. అసలు చీటీ దీంట్లనే ఉన్నది."

"అసలుదా?" అన్నాడు ఎల్లేశం. "గా చీటీ ఇంక ఉంటదా మేడం?"

"ఉంటది కాకా. చివరి మూడు వందల చీటీలు మిషన్ మతిల పెట్టుకుంటది. మనిషి పేరు ఉండదు గని ఏ టేబుల్ నుంచి ఆజ్ఞ వచ్చిందో ఉంటది."

"డిస్క్‌ల రాసి ఉంటదా?"

"లేదు. కరెంటు ఉన్నంతసేపే. బందు చేస్తే పోతది. అందుకే గద ఇందాక కొట్లాడిన."

ఆ మాట ఎందుకు అన్నానా అని ఆమె తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది. కానీ ఆ నిమిషాన ఆమె కళ్లముందు ఉన్నది నిర్దోషిగా తేలబోతున్న మనిషి. కానిస్టేబుల్ కూడా అదే అనుకుని అతని చెయ్యి వదిలేసి బీడీ కోసం జేబు తడుముకుంటున్నాడు.

తెర మీద చీటీలు వరసగా దిగుతున్నాయి. శుక్రవారం. గురువారం. బుధవారం. మంగళవారం. పదిహేనూ సున్నా నాలుగు, దూది గది, సైరన్ మోగు. దాని కింద ఇరవై నాలుగు అక్షరాల చిన్న చీటీ. పదిహేనూ సున్నా అయిదు, సైరన్ ఆపు, ఆఫీస్...

టప్‌మని చప్పుడైంది. తెర నల్లబడిపోయింది. గుయ్‌మనే శబ్దం ఆగిపోయి గది చెవిటిదైనట్టుగా అయింది.

ఎల్లేశం గోడ దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో ప్లగ్గు, దాని నుంచి వేలాడుతూ తెగిన పసుపు దారం. మూడు నెలలు ఆ మిషన్‌ను ఒక్క క్షణం ఆగనివ్వని మనిషి దాన్ని తన చేత్తోనే ఊడబెరికాడు.

"నేనే బందు చేసిన" అన్నాడు ఎస్సైతో, రెండు చేతులూ ముందుకు చాపి. "సైరన్ గూడ నేనే. తీస్కపోండ్రి."

"నీకేమన్న పిచ్చి లేసిందారా!" సదానందం అతని రెక్క పట్టుకుని లేపాడు. "మేడం, ఏముండె? నాకు టైమ్ ఒక్కటే కనబడ్డది."

నవనీతకు పూర్తిగా కనబడింది. చివరి ముక్క కూడా. ఆమె ఎస్సైకి జవాబు చెప్పకుండా ఎల్లేశం ఎదురుగా కింద కూర్చుంది.

"ఆఫీస్ రెండు" అంది. "రెండో నంబర్ టేబుల్ ఎవ్వలది కాకా?"

ఎల్లేశం భోరుమన్నాడు. అంత పెద్దమనిషి నేల మీద తల పెట్టి ఏడుస్తుంటే చూడటం కష్టమైంది. "నా బిడ్డకేం తెల్వదు మేడం. సేటు పక్కన నిలవడి ఆపమన్నడట. పత్తి తెచ్చిన రైతులు సైరన్ కూతకు బండ్లు మలుపుకపోతున్నరని. నేను ఇంటర్‌కమ్‌ల అడిగితె, 'సేటు ఆపమన్నడు బాపూ, ఊకెనే మోగుతున్నదట' అన్నది. నేను చూసి రాకపోతి. చాయకు పోతి. తప్పు నాదే గద. ఇరవై రెండేండ్ల పొల్ల జైలుకు పోతె బతుకుతదా? కోమలా అదీ ఒక్క కంచంల తిన్నరు. మూడు దినాల సంది అది నిద్ర పోలే."

సత్తవ్వ గోడ పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె ముఖం చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నవనీత మాత్రం వరండా వైపు చూసింది. ఖాళీగా ఉంది. శ్యాంసుందర్ లేడు. ఇందాక విన్న ముక్క మళ్లీ చెవిలో పడ్డట్టయింది. ఆఫీసు సంగతి బయటపడేలా ఉంది.

"కాకా, ఎంత పని చేసినవ్" అంది ఆమె. "ఇంతసేపు సేటుకు ఎదురు నిలిచిన సాక్ష్యం ఈ మిషన్. దీన్ని నువ్వే సంపినవ్. ఇప్పుడు సేటు ఆపమన్నడని చెప్పెటానికి మిగిలింది నీ బిడ్డ ఒక్కతే. ఆ సంగతి సేటుకు గూడ తెలుసు. భూమిక ఇంటికి పోయిందా?"

"పొమ్మన్న గద..."

"పోలే" అంది సత్తవ్వ. "మీరు చీటీలు చూస్తుంటె కిటికీ అవుతల గేటు కాడ సేటు కారు ఆగింది. 'పత్తి కొనే మహారాష్ట్ర పార్టీకి కాయితాలు ఇయ్యాలె, ఎక్కు' అన్నడు డ్రైవర్. పొల్ల ఎక్కింది. నాగపూర్ రోడ్డు పట్టిండ్రు."

భూమిక నంబరుకు నవనీత ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. అప్పటికే సదానందం వైర్‌లెస్‌లో సరిహద్దు చెక్‌పోస్టును కేకేస్తూ జీపు వైపు పరుగెత్తాడు.

సత్తవ్వ వచ్చి ఎల్లేశం అంగీ కాలరు పట్టుకుంది. కొడుతుందేమో అనుకుంది నవనీత. కొట్టలేదు. "లే" అంది. "నా పొల్ల ఎట్లైన రాదు. నీ పొల్లనన్న తెచ్చుకుందువు, లే! అది ఎదురుంగ నిలవడితె దాన్ని అడిగేది నేను అడుగుత."

ఎల్లేశం లేవలేదు. ప్లగ్గును గోడ రంధ్రాల్లో పెట్టడానికి చూస్తున్నాడు. రెండుసార్లు తప్పిపోయింది. మూడోసారికి దిగింది. పెట్టె గుయ్‌మంది. తెర వెలిగింది. కొత్త కెర్నెల్ పేరు పైకి వచ్చింది. దాని కింద, చీటీలు ఉండాల్సిన చోట, ఇంతవరకూ ఏమీ నమోదు కాలేదని ఒకే ఒక్క లైను కనిపించింది.